చూపుడువేలు

ఆగస్టు మొదటి సోమవారం, ఉదయం ఆరున్నర.
రంపపు మిల్లు కాఫీగదిలో కొత్తవాళ్ళు పదకొండు మంది.
హెల్మెట్ల మీద ధర చీటీలు ఇంకా ఊడలేదు.
కిటికీ అవతల పియెలినెన్ సరస్సు
పొగమంచు ముసుగు తీయలేదు.
నేను లేచి గొంతు సవరించుకుంటాను.
కౌకో కథ చెప్పడం నా వంతు.
ఇరవై రెండేళ్ళుగా నా వంతే.

మొదట్లో అది చిన్న కథ.
జనవరి రాత్రి, ఒక దుంగ, బెల్టు, రెండు వేళ్ళు.
చెట్టుకి లాగే కథకీ ఏటికో వలయం.
మైనస్ పదిహేను కాస్తా మైనస్ ముప్పై ఎనిమిదైంది.
అంబులెన్సుకి అడ్డంగా ఓ పెద్ద దుప్పి నిలబడింది
(దుప్పిని కౌకో మిల్లు వదిలి వెళ్ళాకే చేర్చాను).
చివర్లో స్ట్రెచర్ మీంచి కౌకో అరుపు:
"ఉంగరం వేలు భద్రమే, మా ఆవిడకి చెప్పండి!"
అక్కడ నవ్వు.
ఏటా అదే చోట నవ్వు.
మేనేజరు కూడా తలుపు దగ్గర దానికోసమే ఆగేవాడు.
ఆ నవ్వు మీదే హెల్మెట్లు పెట్టుకుని
వాళ్ళు పనిలోకి, కథ కంచికి,
నేను నా రంపం దగ్గరికి.

ఈ ఏడు చివరి బల్ల దగ్గర ఇల్తా అనే పిల్ల,
పందొమ్మిదేళ్ళుంటాయేమో, గోళ్ళకి పచ్చరంగు,
అందరూ నవ్వడం అయ్యాక చెయ్యెత్తింది.
"మరి ఆయన బెల్టు వైపు చూడకుండా
ఎటు చూస్తున్నాడు?"

ఫ్రిజ్ గుర్రుమంటోంది.
కాఫీలో ఎవరిదో చెంచా ఆగింది.
ఇన్నేళ్ళలో ఎవ్వరూ అడగని ప్రశ్న.
నేనూ అడుక్కోలేదు.
కాదు, అబద్ధం.
అడుక్కున్న ప్రతిసారీ కాస్త మంచు కురిపించాను.

ఎటు చూస్తున్నాడంటే, నా వైపు.
అప్పుడు నేను ఇంకో కథ చెబుతున్నాను,
పాత ఫోర్‌మన్ ఆవిరిగదిలో జారిపడ్డ కథ.
రంపం హోరులో మాట వినబడదని
చేతులతో అభినయిస్తున్నాను,
నా పది వేళ్ళతో.
నవ్వడానికి తల తిప్పాడు కౌకో.
అంతే.

తర్వాత ఆరేళ్ళు అదే గదిలో కూర్చుని
నా నోట తన కథ విన్నాడు,
మూడు వేళ్ళ మధ్య కప్పు పట్టుకుని.
ఒక్కసారి కూడా నన్ను వేలెత్తి చూపలేదు.
పోయినవాటిలో ఒకటి ఆ వేలే.

పిల్లల చేతులు కాపాడ్డానికే చెబుతున్నాననుకున్నాను.
దుంగ ఎంత లావున్నా
బెరడు వలిచే యంత్రం కింద తేలేది కట్టె ఒక్కటే.
చలీ దుప్పీ నవ్వూ వలిచి చూస్తే
లోపల నేను, చేతులు కడుక్కుంటూ.

శనివారం నుర్మెస్ వెళ్ళాను.
కౌకో బోర్లించిన పడవకి తారు పూస్తున్నాడు.
ఎలా మొదలెట్టాలో తెలియక బ్రష్షు అందుకున్నాను.
తనే అడిగాడు: "ఆ దుప్పి ఎక్కడిదిరా?"
వాళ్ళ మేనల్లుడు మూడేళ్ళ కింద మా మిల్లులో చేరాడట.
"కథలో ఏం నేర్చుకున్నావురా అంటే
'దుప్పులు హారన్‌కి బెదరవు' అన్నాడు."
నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.
అడుగుభాగం సగం అయ్యేదాకా
ఇద్దరం మాట్లాడలేదు.
"చెబితే చెప్పు," అన్నాడు చివరికి,
"వాళ్ళకి ఏ చెయ్యి ఎక్కడికి పోవాలో తెలిసేలా చెప్పు."

మళ్ళీ సోమవారం.
ఈసారి కాఫీగదిలో కాదు, ఆగి ఉన్న బెల్టు పక్కన.
"నేను నవ్వించాను. ఆయన తల తిప్పాడు.
ఎర్ర బటను నాకు మూరెడు దూరంలో ఉంది.
నా చేతులు కథలో ఉన్నాయి."
నాలుగు వాక్యాలు. ఎవ్వరూ నవ్వలేదు.
పచ్చగోళ్ళ చెయ్యి ఒకటి
చప్పుడు లేకుండా కదిలి
ఎర్ర బటను ఎక్కడుందో తడిమి చూసుకుంది.

పోతూ పోతూ మేనేజరు నా భుజం తట్టాడు.
"ఏంటోయ్, ఈసారి కథ పేలలేదు?"
"అవునండీ," అన్నాను,
"దుప్పి దొరకలేదు."